హదీద్ కర్ర మీద బేరం

కువైట్ మీద ఇరాక్ సైన్యం వచ్చి పడ్డ ఏడాది, అక్కడున్న మనవాళ్ళంతా పాస్‌పోర్టు, ఒక సంచి, ఒక నీళ్ళ డబ్బా పట్టుకుని పారిపోయారు. ఎనిమిది టన్నుల కర్ర వేసుకుని పారిపోయినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఈ విషయంలో నాకు పోటీ వచ్చినవాడు ఇంతవరకు కనబడలేదు. నడుముకి బంగారం కట్టుకుని పోయినవాళ్ళున్నారు, టీవీ ఒళ్ళో పెట్టుకుని పోయినవాళ్ళున్నారు. కర్ర నాదే. పైగా అది తేలిక కర్ర కాదు, నీళ్ళలో వేస్తే రాయిలా అడుక్కి పోయేది. దారిలో దానికి మంచి ధర ఇస్తామన్నా కాదని ఎడారిలోకి తోలించాను. ఒక నిర్ణయాన్ని ఇంత పకడ్బందీగా పాడుచేయడం అందరి వల్లా కాదు. అందుకే గల్ఫ్‌కి బయల్దేరే కుర్రవాళ్ళు కనబడితే, వాళ్ళు అడిగినా అడక్కపోయినా ఇది చెబుతుంటాను.

మాది కడప జిల్లాలో ఒక అంగళ్ళ వీధి. మా నాయనది చిల్లరంగడి, పెదనాయనది నూనెలంగడి, ఎదురుగా మేనమామది బట్టలంగడి. మా వీధిలో పిల్లలకు ఎక్కాల కంటే ముందు బేరం వచ్చేది. ఎదుటివాడు చెప్పిన మొదటి ధరకు నవ్వాలి, రెండో ధరకు నిట్టూర్చాలి, మూడో ధరకు లేచి వెళ్ళిపోవాలి. వెళ్ళిపోతున్నవాణ్ణి అంగడివాడు ఎప్పుడూ వెనక్కి పిలుస్తాడు. ఈ చదువుతో నేను కువైట్ చేరి, సులైబియా గోదాముల మధ్య ఒక కలప అడితిలో స్టోరు చూసే పనిలో కుదిరాను. వచ్చిన కర్ర కొలుచుకోవడం, పోయిన కర్ర రాసుకోవడం నా పని. కొనేవాళ్ళతో బేరమాడటం నా పని కాదు. కానీ పదకొండేళ్ళూ నేను సంతోషంగా చేసింది అదొక్కటే.

కర్ర గురించి నాకు తెలిసిందంతా మా రంపం మేస్త్రీ చెప్పిందే. ఆయనది రాజమండ్రి పక్క. నాకంటే పదేళ్ళు పెద్ద. అడవిలో కొట్టిన దుంగల్ని తెప్పలు కట్టి గోదావరి మీద దించే కుటుంబంలో పుట్టినవాడు. తేలే దుంగ ఏదో, రెండు పక్కలా వెదురు కట్టకపోతే మునిగిపోయే దుంగ ఏదో చిన్నప్పుడే చూసి చెప్పేవాడట. నన్ను ‘స్టోరుగారూ’ అని పిలిచేవాడు. నేను ‘మేస్త్రీ’ అనేవాణ్ణి.

చాయ్ వేళ ఆయన గాజు గ్లాసులో నీళ్ళు పోసి కర్ర ముక్కలు వేస్తుండేవాడు. మలేషియా వైపు నుంచి వచ్చే మరంటి ముక్క సగానికి సగం పైకి తేలేది. అక్కడ సాజ్ అని పిలిచే మన టేకు ఇంకాస్త మునిగి తేలేది. ఆఫ్రికా నుంచి వచ్చే ముదురెరుపు కర్ర ఒకటుండేది. అది వేసీవేయగానే ‘టక్’మని గ్లాసు అడుగున కూర్చునేది. దానికి మా అడితిలో పేరు హదీద్. అరబీలో ఇనుమని అర్థం. షుఐబా రేవులో ఓడలు వచ్చి ఒరుసుకునే గోడలకు కట్టడానికి దాన్ని తీసుకుపోయేవాళ్ళు. దానికి మేకు దిగదు. ముందు బెజ్జం వేసుకోవాల్సిందే.

ఒకరోజు అడిగాను. “అన్నీ అడివి చెట్లే గదా మేస్త్రీ. ఒగటి తేల్తాది, ఒగటి మునుగుతాది. ఎందుకట్లా?”

“తొందరండీ” అన్నాడు. “అడివిలో ఓ పెద్ద చెట్టు పడిపోయిందనుకోండి. అక్కడ ఎండ పడద్ది. ఆ ఎండ కోసం పరిగెత్తే చెట్లు కొన్నుంటాయండి. ఏడాదికి మనిషెత్తు లేచిపోతాయి. లోపల నీళ్ళు పోయే గొట్టాలు వెడల్పు, గోడలేమో పలచన. ఇంకోటి ఉంటదండి, నీడలో కూర్చుని మెల్లిగా పెరిగేది. దాని గోడలు దిట్టం, గొట్టాలు సన్నం. పురుగు తొలవలేదు, గాలికి ఇరగదు. ఒకే అడివండీ, ఒకే వానండీ. ఎవడి తొందర ఆడిది.”

“అయితే హదీద్ సరుకే వేరే అన్నమాట.”

“సరుకు ఒకటేనండీ బాబూ. గాలిలో ఉంది తేడా అంతా.”

నేను నమ్మలేదు. ఆయన గోరంత మరంటి పేడు ఒకటి తీసి నీళ్ళ గ్లాసులో వేసి, కిటికీలో పెట్టి మరిచిపొమ్మన్నాడు. కొన్నాళ్ళకు చూస్తే అది కూడా గ్లాసు అడుగున ఉంది. లోపలి గాలి పోయి నీళ్ళు చేరాయి, అంతే. ఏ చెట్టు కర్రైనా దాని గోడల బరువు ఇంచుమించు ఒకటేనని, మధ్యలో ఎంత ఖాళీ ఉందన్నదే లెక్కని ఆయన అప్పుడు చెప్పాడు. 

తూకం రాళ్ళ మధ్య పెరిగిన నాకు ఆ రోజు ఒళ్ళు పులకరించింది. మేం కర్రని ఘనపుటడుగుల్లో అమ్ముతాం. అంటే మరంటి కొన్నవాడికి సగానికి పైగా గాలి అమ్ముతున్నాం. మా నాయన బెల్లంలో గాలి అమ్మే మార్గం దొరక్క ఆయుష్షంతా చిల్లరంగడిలోనే గడిపాడు.

మేస్త్రీ ఇంకా చాలా చెప్పాడు. మరంటి అన్న ఒక్క పేరు కింద ఎన్నో రకాల చెట్లు కలిసి వస్తాయని, ఒకే కట్టలో రెండు పలకలు ఒకే బరువు తూగవని, తొందరగా లేచే చెట్టు నడిమధ్యన మెత్తగా ఉండి బయటికి వచ్చేకొద్దీ గట్టిపడుతుందని. నేను అన్నీ శ్రద్ధగా విన్నాను. విని, కొనేవాడి చేతిలో బరువైన పలక పెట్టి, “చూసినావా, ఎంత గట్టి సరుకో” అని ధర పెంచడం నేర్చుకున్నాను. బరువు గురించి నా పరిజ్ఞానమంతా అమ్మడానికే. దాన్ని ఎవరో మోయాలన్న సంగతి నా దాకా రాలేదు.

మా అడితికి ఏడు టన్నులు మోసే లారీ ఒకటుండేది. దాని పక్కచెక్కల లోపల చుట్టూ ఒక ఎర్రగీత గీసి ఉండేది. మరంటిని ఆ గీత దాకా పేరిస్తే లారీ నిండినట్టు. తూచే పనే లేదు. హదీద్‌ని తీసుకుపోవడానికి రేవువాళ్ళ పెద్ద ట్రైలరు వచ్చేది. కాబట్టి మా లారీలోకి హదీద్ ఎన్నడూ నాలుగు పలకలకు మించి ఎక్కలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

ఆగస్టు మొదట్లో ఒక తెల్లవారుజామున ట్యాంకులు వచ్చాయి. వారం తిరక్కుండా సైనికులు మా అడితికీ వచ్చారు. కందకాల మీద కప్పు వేసుకోవడానికి వాళ్ళకు కర్ర కావాలి. మరంటి అంతా ఎక్కించుకున్నారు. సాజ్ ఎక్కించుకున్నారు. చివరికి హదీద్ దగ్గరికి వచ్చారు. ఒక కుర్ర సైనికుడు మేకు పెట్టి సుత్తితో కొట్టాడు. మేకు వంగింది. ఇంకోటి పెట్టాడు, అదీ వంగింది. పలక ఒక చివర ఎత్తబోయి, దించేసి, మా వైపు చూసి నవ్వి వెళ్ళిపోయాడు. ఆ సైన్యం ఆ దేశంలో ముట్టుకుని వదిలేసిన సరుకు బహుశా అదొక్కటే. వాళ్ళు నాలుగు నిమిషాల్లో గ్రహించిన సంగతి నాకు ఎడారిలో గాని తలకెక్కలేదు.

బ్యాంకులు మూతపడ్డాయి. జీతాలు లేవు. మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, ముసలాయన. ఒంటిమీది పొడుగు దిష్‌దాషా చొక్కా మాసిపోయి, గడ్డం గీసుకోకుండా వచ్చి, లారీ తాళాలు నా చేతిలో పెట్టాడు. “మీ జీతాలకు నా దగ్గర ఏమీ లేదు. మిగిలిన కర్ర తీసుకుపోండి. వాళ్ళ కోసం మాత్రం ఉంచొద్దు. ఖలాస్” అన్నాడు. ఆయన వెళ్ళిపోయాక మేస్త్రీ లారీ వైపు చూశాడు. నేను కర్ర వైపు చూశాను.

నా లెక్క ఇది. ఇరాక్‌కి బయటి సరుకు రాకుండా ఆంక్షలు పెట్టారు. అంటే బస్రాలో, బాగ్దాద్‌లో కర్ర దొరకదు. దొరకనిదానికి ధర పలుకుతుంది. మనం ఎలాగూ ఆ దారినే పోయి జోర్డాన్ సరిహద్దు చేరాలి. కింద కర్ర పేర్చుకుంటే మనుషులు దాని మీద కూర్చోవచ్చు. బెంచీలూ అవే, సరుకూ అదే. 

మనుషులు ఇరవై ముగ్గురు తేలారు. పక్క గోదాముల కూలీలు పన్నెండు మంది, ఎనిమిది మంది ఆడవాళ్ళు, మేస్త్రీ, నేను, మా పఠాన్ డ్రైవరు. ఆడవాళ్ళను కూడగట్టింది రాయచోటి పక్క నుంచి వచ్చిన ఒకామె. నలభై ఏళ్ళుంటాయి. బ్నీద్ అల్ గార్‌లో ఒక ఇంట్లో వంట చేసేది. వాళ్ళ మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, పిల్లలతో సౌదీ వైపు వెళ్ళిపోతూ ఇంటి తాళాలు ఈమె చేతిలో పెట్టింది. చుట్టుపక్కల ఇళ్ళలో ఒంటరిగా మిగిలిపోయిన మనూరి ఆడవాళ్ళను ఏడుగురిని వెతికి పట్టుకుని, నడిపించుకుని మా అడితికి తీసుకొచ్చింది.

“అన్నా, బయిట మాకు దిక్కుల్యా. మమ్మల్ని బార్డర్ దాటించు చాలు” అంది. “నీ లారీలో యాడ జాగా ఇస్తే ఆడ కూసుంటాం.”

“కట్టెల మీద కూసోవాల మ్మా.”

“ఏ కట్టెలైతేనేమి న్నా. మంట పెట్టకుంటే చాలు.”

మేస్త్రీ నన్ను పక్కకు పిలిచాడు. “స్టోరుగారూ, ఇది మరంటి కాదండి. అదే జాగాలో దానికి రెట్టింపు తూగుద్ది. పైన ఇరవై మూడు మంది, సామాన్లు, నీళ్ళ పీపాలు. ఎర్రగీతలో మూడో వంతు వేద్దారండి. అదీ ఎక్కువే.”

“గీత దాకా ఏస్తే ఏమైతాది?”

“గీత మరంటికండి.”

“పదకొండేండ్లుగా ఆ లారీ గీత దాకా మోస్తానే ఉండాది గదా మేస్త్రీ.”

“మోసింది గాలినండీ బాబూ.”

నేను నవ్వాను. అది మొదటి ధర. ఆయన మళ్ళీ మూడో వంతే అన్నాడు. నిట్టూర్చాను. తర్వాత “అయితే నువ్వే చూసుకో మేస్త్రీ, నాకెందుకు” అని తాళాలు బల్ల మీద పెట్టి నడిచాను. ఆయన వెనక్కి పిలిచాడు. ఆయన మూడో వంతన్నాడు, నేను పూర్తి గీతన్నాను, మధ్యలో మూడింట రెండు వంతుల దగ్గర కుదిరింది. ఇద్దరికీ న్యాయం జరిగిందని నేను సంతోషించాను. ఆయన చెప్పింది ధర కాదు, బరువు. దానితో బేరమాడితే మధ్యలో ఎక్కడా కుదరదు. ఇది నాకు అప్పుడు తోచలేదు. ఇప్పుడు ఎంత బాగా తోస్తున్నదో చూడండి.

సెప్టెంబరులో ఒక పొద్దున బయల్దేరాం. లారీ అడితి గేటు దాటుతుంటే చక్రాల మీద బరువు మోసే కమాను కట్టలు మూలిగాయి. డ్రైవరు కిందికి దిగి, చక్రాల పైన మిగిలిన ఖాళీ వేలితో చూసుకుని, నా వైపు చూడకుండా ఎక్కాడు. “బండికి లెక్కలు రావు ఉస్తాద్” అన్నాడు హిందీలో. 

బస్రా చేరడానికే రోజంతా పట్టింది. మధ్యలో వెనక టైరు ఒకటి పేలింది. బస్రాలో కలప వ్యాపారి ఒకడు దొరికాడు. లావాటి మనిషి, చేతిలో తస్బీ, వాళ్ళ జపమాల. పలకను గోరుతో గీకాడు, ఎత్తి చూశాడు, కొలిచాడు. అడితిలో నేర్చిన అరబీలో నేను, ఆగి ఆగి మాట్లాడుతూ అతను. డబ్బు కంటే అప్పుడు అక్కడ వస్తువుకే విలువ. రెండు కొత్త టైర్లు, రెండు పీపాల డీజిల్, ఒక పిండి బస్తా, రెండు పెట్టెల ఖర్జూరాలు ఇస్తానన్నాడు. సరుకంతా అక్కడే దించేయాలి.

నేను నవ్వాను.

అతను ఇంకో పెట్టె ఖర్జూరాలు కలిపాడు. నిట్టూర్చాను.

లారీ మీద నుంచి రాయచోటి ఆమె అరిచింది. “ఇచ్చేయ్ న్నా! ఖర్జూరాలు తినొచ్చు. నీ కట్టెలు తినేదానికైతాదా?”

“నువ్వుండు మ్మా. బేరం నడస్తాంది.”

“నడిచేది బేరమే. లారీ నడస్తాందా?”

మూడో ధర రాకముందే నేను లేచి నడిచాను. వ్యాపారి తస్బీ తిప్పుకుంటూ కూర్చున్నాడు. పది అడుగులు వేశాను. వెనక్కి చూడకూడదన్నది నియమం. ఇరవై అడుగులు వేశాను. లారీ దాకా వచ్చేశాను. ఎవరూ పిలవలేదు. పిలుస్తాడేమోనని ఆ రోజంతా వీధి చివర లారీ నీడలో కూర్చున్నాం. మర్నాడు పొద్దున నేనే వెళ్ళేసరికి అంగడికి తాళం వేసి ఉంది. నా తర్వాత వేరే లారీలో ఎవరో మరంటి తెచ్చారట. అతని పనివాళ్ళకు దానికి మేకు దిగుతుందని తెలుసు. 

బాగ్దాద్‌లో బాగా పలుకుతుందని అందరికీ చెప్పాను. బాగ్దాద్‌లో ఊరి బయటే సైనికులు ఆపి, ఆగకుండా సరిహద్దు దారి పట్టమన్నారు. ఆ ఊళ్ళో కర్ర ధర ఎంతో నాకు ఈనాటికీ తెలియదు.

ఆ తర్వాత అంతా ఎడారి. నల్లటి రోడ్డు, రెండు వైపులా రాళ్ళ నేల. దాని మీద మా లారీ నిండు గర్భిణిలా నడిచింది. మర్నాడు పదింటికి వెనక కుడివైపు ‘ఫట్’మని శబ్దమైంది. లారీ ఒక పక్కకు కూలబడింది. కమాను పట్టీలు వరసగా విరిగిపోయాయి. డ్రైవరు కిందికి దిగి చూసి, రోడ్డు పక్కన కూర్చుని సిగరెట్టు వెలిగించాడు.

“మొత్తం దించాలి” అన్నాడు.

“సగం దించుదాం” అన్నాను.

అతను పొగ వదిలాడు. నా జీవితంలో ఓడిపోయిన బేరాల్లో అవతలివాడు నోరు విప్పకుండా గెలిచింది అదొక్కటే.

“పోనీ, మూడింట రెండు వంతులు...”

రాయచోటి ఆమె చెంగు తలమీద కప్పుకుని లారీ మీద నుంచి దిగింది. వెనకాల ఏడుగురూ దిగారు. నా ఎదురుగా నిలబడింది. గొంతు పెంచలేదు.

“అన్నా, కట్టెలు దింపుతావా, మమ్మల్ని దింపుతావా? ఒగ మాట చెప్పు. నీళ్ళు రెండు పీపాలుంటే ఒగటి అయిపాయ. మాలో చిన్నదానికి పొద్దుట్నించీ వాంతులు. నీ బేరం నువ్వు సూసుకో, మేం నడ్సుకుంటా పోతాం.”

దించడం మొదలుపెట్టాం. ఒక్కో పలక పదడుగుల పొడవు. అడితిలో ఫోర్క్‌లిఫ్ట్ ఎత్తేది కాబట్టి అది ఎంత బరువో నాకు చేతులతో తెలియదు. ఇద్దరు మనుషులు చెరో చివర పట్టుకుంటే గాని లేచేది కాదు. అటువంటివి నూటికి పైగా. నేను అప్పటికీ ఆశ వదల్లేదు. రోడ్డు పక్కన అడితిలో పేర్చినట్టే, వరసకీ వరసకీ మధ్య చిన్న పుల్లలు పెట్టి, గాలాడేలా పేర్పించాను. ఎండలో వంకర పోకూడదు కదా. దారిన పోయేవాడు ఎవడైనా కొనొచ్చు. ఎడారిలో అంత చక్కగా పేర్చిన కలప ఎవరూ చూసి ఉండరు.

నడినెత్తిన ఎండ. ఒక పలకకు ఒక చివర నేను, ఇంకో చివర మేస్త్రీ. ఆయన వంగి, తన చివర దించి, కింద పుల్ల సర్దుతున్నాడు. సరిగ్గా అప్పుడు సరిహద్దు వైపు నుంచి ఒక ఖాళీ లారీ వచ్చి నెమ్మదించింది. ఖాళీ లారీ. నా చెవుల్లో అంగళ్ళ వీధి అంతా ఒక్కసారి మోగింది. తల తిప్పి, చెయ్యెత్తి, “కర్ర! మంచి కర్ర!” అని అరిచాను.

చెయ్యెత్తాలంటే పలక వదలాలి కదా. వదిలాను.

మేస్త్రీ అరవలేదు. “స్టోరుగారూ, ఎత్తండి” అన్నాడంతే. నెమ్మదిగా అన్నాడు. నేను ఎత్తబోయాను, నా ఒక్కడి వల్ల కాలేదు. నలుగురు పరిగెత్తుకొచ్చి ఎత్తారు. ఆయన కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు ఉన్న చోట ఉన్నాయి గానీ వేళ్ళలా లేవు.

ఆ లారీవాడు ఆగింది కర్ర కోసం కాదు. నీళ్ళున్నాయా అని అడగడానికి. పరిస్థితి చూసి, చేతులు కలిపి దణ్ణం లాంటిది పెట్టి, వెళ్ళిపోయాడు.

రాయచోటి ఆమె తన చెంగు చింపి ఆ చేతికి గట్టిగా కట్టింది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే ఆ తిట్టుకు ఏదో ఒక జవాబు చెప్పేవాణ్ణి. దారిన పోయే కార్లన్నీ మనుషులు కిటికీల్లోంచి వేలాడేంత నిండి ఉన్నాయి. ఒక్కటీ ఆగలేదు. మా లారీయే కదలాలి. కమాను విరిగిన చోట ఏదైనా గట్టి దిమ్మె బిగిస్తే మనుషుల బరువు వరకు మోస్తుందని డ్రైవరు అన్నాడు.

“హదీదే పెట్టండి” అన్నాడు మేస్త్రీ, చెయ్యి గుండెకి ఆనించుకుని. “అది నలగదు. నడిమి ముక్క వద్దు. నార తిన్నగా ఉన్నది చూసి, దాంట్లోంచి మూరెడు కొయ్యండి.”

ఆయన పరుపుచుట్టలో చేతిరంపం ఉంది. ఆ చేత్తో ఆయన కోసి ఉంటే ఎంతసేపట్లో కోసేవాడో. మేం వంతులవారీగా కోశాం. కర్ర తెగదు, రంపం పళ్ళే మొద్దుబారతాయి. చిన్నపాటి పొగ, ఎర్రటి పొడి. మేస్త్రీ పక్కన కూర్చుని, ఒక్కొక్కరికి “నొక్కకండి, రంపాన్ని పోనీయండి” అని చెబుతూ ఉన్నాడు. నా వంతు వచ్చినప్పుడు కూడా అలాగే చెప్పాడు, అదే గొంతుతో. ఆ మూరెడు ముక్క తెగేసరికి పొద్దు వాలింది. మొత్తం ఎనిమిది టన్నుల్లో ఎవరికైనా పనికొచ్చింది ఆ ముక్కే.

దారిలో ఒక చిన్న ఊళ్ళో ఆస్పత్రి ఉంది. ఇరాకీ డాక్టరు చాలా ఓపికగా చూశాడు. మధ్యాహ్నానికే తెచ్చి ఉంటే ఒక వేలైనా నిలబెట్టడానికి ప్రయత్నించేవాణ్ణని, ఇప్పుడు రెండూ తీసేయక తప్పదని చెప్పాడు. ఆ మాట మేస్త్రీకి అరబీ నుంచి తెలుగులో చెప్పాల్సింది నేను. ధర తగ్గించి చెప్పడం నాకు అలవాటే గానీ అక్కడ తగ్గించడానికి ఏమీ లేదు. ఉన్నదున్నట్టు చెప్పాను.

“సరేనండి” అన్నాడాయన. “ఆడవాళ్ళకి నీళ్ళు పట్టించండి ముందు.”

సరిహద్దు దగ్గర గుడారాల్లో కొన్నాళ్ళు, ఆ తర్వాత అమ్మాన్, అక్కడి నుంచి విమానంలో బొంబాయి. రాయచోటి ఆమె బొంబాయి స్టేషన్‌లో మేస్త్రీ కాళ్ళకు దణ్ణం పెట్టి, నాకు “పోయొస్తా న్నా” అని చెప్పి రైలెక్కింది.

యుద్ధం ముగిశాక, తిరిగొచ్చినవాళ్ళకు నష్టపరిహారం ఇస్తారని ఫారాలు వచ్చాయి. మేస్త్రీ ఎడమచేత్తో ఇంకా సంతకం దాకా రాలేదు. నన్ను రమ్మని ఉత్తరం రాయించాడు. రాజమండ్రి పక్కన వాళ్ళింటి అరుగు మీద కూర్చుని ఫారం నింపాను. పేరు, పని, జీతం, పోయిన సామాను. ఆ తర్వాత శరీరానికి జరిగిన నష్టం, దానికి కారణం అని ఒక గడి. అక్కడ కలం ఆగింది.

“ఇక్కడ ఏం రాయమంటావు మేస్త్రీ?”

“యుద్ధంలో పోయాయని రాసేయండి.”

“యుద్ధంలో పోలేదు గదా.”

ఆయన నా వైపు చూశాడు. మొదటిసారి కొంచెం నవ్వాడు. “మీ పేరు రాస్తే డబ్బులిస్తారాండీ ఏటి? రాసేయండి.”

రాశాను. ఆయన ఎడమ బొటనవేలు ముద్ర వేశాడు. కొన్నేళ్ళకు డబ్బు వచ్చింది. నా ఫారంలో కర్ర ఖరీదు వేయలేదు. బుద్ధి వచ్చి కాదు, రసీదు లేక.

నేను మళ్ళీ కువైట్ వెళ్ళాను. అదే కఫీల్, అదే అడితి, అదే బల్ల. మేస్త్రీకి కూడా వీసా తీయించాను గానీ బొంబాయిలో వైద్యపరీక్ష దగ్గర ఆయన చెయ్యి చూసి వెనక్కి పంపారు. ఆయన రంపం మీద వేరే మనిషి చేరాడు. నేను ఇంకో పధ్నాలుగేళ్ళు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. పండక్కోసారి ఆయనకు డబ్బు పంపేవాణ్ణి. ఎంతని ఆయన ఎప్పుడూ అడగలేదు, చాలదని ఎప్పుడూ అనలేదు. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆయనతో ఇక బేరం లేదు కాబట్టి బిల్లు సరిగ్గా రాయొచ్చు.

లారీ ఎక్కినవాళ్ళు ఇరవై ముగ్గురు. సరిహద్దు చేరినవాళ్ళు ఇరవై ముగ్గురు. ఇందులో నా గొప్ప లేదు.

ఎడారిలో దించిన కర్ర ఎనిమిది టన్నులు. నేను కొన్నది కాదు, కఫీల్‌ది.

బస్రాలో వద్దన్నవి టైర్లు రెండు, డీజిల్ రెండు పీపాలు, పిండి ఒక బస్తా, ఖర్జూరాలు మూడు పెట్టెలు. ఆకలి ఇరవై ముగ్గురిది.

ఆలస్యం రెండు రోజులు.

పోయిన వేళ్ళు రెండు, కుడిచేతివి. నావి కావు.